రసెల్ గ్రంథమునఁ దెలుఁగు సర్పనామములు

తుళ్లూరు ప్రాంతపుఁ బ్రత్తి, మిరప చేలలో నెలుకలు విస్తారము. వానివెంటఁ బాములును వచ్చును. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, జెఱ్ఱిపోతు అను పేరులు గుంటూరు సీమ కృషీవలులకు సుపరిచితములు. ఇట్టి పేరులు వట్టి సంకేతములు గావు. కన్నులారఁ జూచిన లక్షణముల సంగ్రహములు. పాట్రిక్ రసెల్ గ్రంథ మిందులకు నిదర్శనము.

స్కాట్లండు దేశీయుఁడగు నీ వైద్యుఁడు 1785 లో ఈస్టిండియా కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుఁడుగా నియమితుఁడై, విశాఖపట్టణమున వసించి, కోరమాండలు తీరమునఁ బాములను సేకరించెను. 1796 లోఁ బ్రకటితమైన యాతని గ్రంథమునఁ జిత్రములతోఁ గూడఁ బెక్కు తెలుఁగు పేరు లాంగ్లలిపిలో నెక్కింపఁబడినవి.

అందు రక్తపింజరకు ‘కాటుక రేకుల పొడ’ యని పేరు. పొడ యనఁగా మచ్చ. ఆ పాము మేన గోధుమవన్నె మచ్చలు మూఁడు వరుసలుగా నుండును. ప్రతిమచ్చకును నల్లని యంచు కాటుక దిద్దినట్లుండును. ఇంతటి యందమైన పేరుండఁగా, 1797 లో దానికి రసెల్ పేరే శాస్త్రనామమున నిలిచినది. కొండచిలువ ‘పెద్దపొడ’గాఁ జెప్పఁబడినది. మొదటిది మహావిషము గలది, రెండవది విషములేనిది. కాఁబట్టి పేరు రూపమునే తెలుపును గాని విషమును దెలుపదు.

‘బంగారుపాము’ కథ వేఱు. పసుపుపచ్చని పట్టెలుగల పామున కీ పేరు గలదు. 1803 లో దోదేన్ అను ఫ్రెంచి పండితుఁడు దీనినుండియే ‘బంగారస్’ అను ప్రజాతినామమును గల్పించెను. మేన బంగారువన్నె లేశమును లేని కట్లపామును నేఁడు శాస్త్రమున ‘బంగారస్ సీరూలియస్’ అని పిలువఁబడుచున్నది!

ఈ పేరుల పరిశీలనము ప్రాణసంబంధమైనది. కట్లపామును బోలిన విషరహితమగు చిన్నపా మొకటి కలదు. దాని పట్టెలు మెడవైపున స్పష్టములై తోఁకవైపునకు మాయును. కట్లపాము పట్టెలు మెడవైపున మాసి వెనుకకుఁ బోనుపోను స్పష్టములగును. కట్లపాము నిద్రితులను గఱచిన నొప్పియే తెలియకపోవచ్చును. కావునఁ గాటుపడినచోఁ బేరు నిర్ణయించుటకై జాగుచేయక, కఱవఁబడిన యవయవమును గదల్పక, వైద్యశాలకుఁ జేర్పవలయును. మనదేశమున నిచ్చు విషహరౌషధము నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర యను నాలుగింటి విషమునకును బనిచేయును.

2015 లో రాజధాని నిర్మాణమునకై తుళ్లూరు పరిసరములఁ బొలములు సమీకరింపఁబడినవి. పొలము మాఱినచోఁ బాము పేరును మఱుపునఁ బడుట సహజము. గ్రామవృద్ధు లెఱిఁగిన పేరులను, ఆయా పాముల వన్నె, పట్టె, నడకలతోఁ గూడఁ బాఠశాలాపండితులు వ్రాసియుంచిన, రసెల్ విశాఖపట్టణమునఁ జేసిన పని గుంటూరు సీమయందును నెఱవేఱును. పామును ముట్టక, చంపక, దూరమునుండి చూచుటయే యిందులకుఁ జాలును.