ఫైబర్ పడవకు చీలిక వస్తే...

సముద్రానికీ పులికాట్ సరస్సుకీ నడుమ ఉన్న దీవి మన శ్రీహరికోట. 2022 ఏప్రిల్ వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఇక్కడి రాకెట్ సంగతి అందరికీ తెలుసు. ఒడ్డున ఉన్న ఫైబర్ పడవ సంగతి మాత్రం ఎవరూ రాయరు. నిజానికి ఈ రెండూ దగ్గరి చుట్టాలే. 1980 జూలై 18న ఇక్కడి నుండి రోహిణి ఉపగ్రహాన్ని మోసుకెళ్ళిన ఎస్.ఎల్.వి-3 రాకెట్ పై దశల మోటారు కేసులకు లోహం బదులు పోగులు, రెజిన్ కలిపిన పదార్థాన్నే వాడారు. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత మన తీరానికి సాయంగా వచ్చిన పడవల్లో చాలావరకు ఇలా గాజు పోగులు, రెజిన్‌తో చేసినవే.

చిన్న చీలికే కదా అని వదిలేస్తే ఏమవుతుంది? నీరు గాజు పోగుల వెంట, దీపం వత్తిలో నూనె పాకినట్లు లోపలికి పాకుతుంది. పోగుకూ రెజిన్‌కూ ఉన్న పట్టు సడలుతుంది. ప్రతి అలకూ చీలిక కొన మీద ఒత్తిడి పడి అది పొడవవుతుంది. ఈరోజు కొద్ది ఖర్చుతో పోయేది, రేపు నడిసముద్రంలో ప్రాణం మీదికి తెస్తుంది.

మొదట అది ఎలాంటి చీలికో తెలుసుకోవాలి. రూపాయి బిళ్ళతో చుట్టూ తట్టి చూడండి. గట్టిగా 'టక్' మంటే పైపూత మాత్రమే పగిలింది. బోలుగా మోగితే లోపలి పొరలు విడిపోయాయి. పైపూత చీలికైతే గీరి శుభ్రం చేసి, జెల్‌కోట్ నింపితే చాలు. లోతైనదైతే ఈ వరుసలో చేయాలి:

1. మంచినీటితో ఉప్పు కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉంటే రెజిన్ పట్టదు. తూర్పు తీరంలో వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు ఈ పనికి అనువైన కాలం.

2. చీలిక రెండు కొసల్లో సన్నని రంధ్రం వేయాలి. అప్పుడు అది ముందుకు సాగదు. తరువాత చుట్టూ 5 సెంటీమీటర్ల మేర ఉప్పు కాగితంతో ఏటవాలుగా గీరి, దుమ్ము తుడవాలి.

3. 100 గ్రాముల రెజిన్‌కు 1 నుండి 2 గ్రాముల క్యాటలిస్ట్ కలపాలి. ఎండ ఎక్కువైతే తక్కువ చాలు. డబ్బా మీద రాసిన కొలతే ప్రమాణం. కొద్దికొద్దిగానే కలుపుకోవాలి, కలిపినది త్వరలోనే వేడెక్కి గడ్డకడుతుంది.

4. ఫైబర్ మ్యాట్ ముక్కలు ఒకదానికంటే ఒకటి కొంచెం పెద్దవిగా కత్తిరించి, బ్రష్‌తో రెజిన్ అద్దుతూ అతికించాలి. గాలి బుడగలు మిగలకుండా నొక్కాలి.

5. గట్టిపడ్డాక నునుపు చేసి, జెల్‌కోట్ పూయాలి. గాలి తగిలితే పై పొర జిగటగా మిగులుతుంది కాబట్టి ప్లాస్టిక్ కాగితం కప్పాలి.

రెజిన్ ఎందుకు గట్టిపడుతుంది? క్యాటలిస్ట్ ఒక పెరాక్సైడ్. అది విడిపోయి రెజిన్ అణువుల గొలుసులను స్టైరీన్‌తో ఒకదానికొకటి ముడి వేస్తుంది. కోబాల్ట్ ఆ విడిపోవడాన్ని తొందరచేస్తుంది. అందుకే కోబాల్ట్‌నూ క్యాటలిస్ట్‌నూ ఎప్పుడూ నేరుగా కలపకూడదు, మంటలు లేచి పేలిపోవచ్చు. కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో బాగా కలిపి, తరువాతే క్యాటలిస్ట్ వేయాలి. కోబాల్ట్ ముందే కలిపి అమ్మే రెజిన్ కొనుక్కుంటే ఈ బెడద ఉండదు. క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. వెంటనే కనీసం 15 నిమిషాలు నీటితో కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. కళ్ళద్దాలు, చేతి తొడుగులు, గీరేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి. దగ్గర్లో బీడీ, పొయ్యి ఉండకూడదు.

విశాఖ తీరంలో కుర్రాళ్ళు అలలపై ఆడే సర్ఫ్ బోర్డుకు కూడా ఇదే వైద్యం. అయితే లోపల థర్మోకోల్ లాంటి నురగ ఉన్న బోర్డుకు ఈ పాలిస్టర్ రెజిన్ పనికిరాదు. అందులోని స్టైరీన్ ఆ నురగను కరిగించేస్తుంది. దానికి ఎపాక్సీ రెజిన్ వాడాలి.

తమ్ముళ్ళారా, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న పడవను ఒకసారి బిళ్ళతో తట్టి చూడండి. మందులు కలిపే పని పెద్దవాళ్ళకే వదిలి, కొలత, వరుస, జాగ్రత్త మీరు చదివి వినిపించండి. సైన్స్ పుస్తకంలో చదివిన పాఠం మన ఇంటి అన్నం గిన్నెను కాపాడితే, అంతకంటే మంచి మార్కు ఏముంటుంది?