పిల్లల పుస్తకం – పెద్దల సంతకం

ఇంగ్లండులో ప్రైమరీ స్కూలుకు పిల్లల్ని పంపుతున్న మన సభ్యులందరికీ బాగా పరిచయమైన వస్తువు ఒకటుంది. పిల్లవాడి బుక్ బ్యాగులో కథల పుస్తకంతోపాటు వచ్చే చిన్న నోటుపుస్తకం. రీడింగ్ రికార్డు అంటారు దాన్ని. రోజూ ఇంట్లో కాసేపు చదివించి, ఎంతవరకు చదివాడో రాసి, తల్లో తండ్రో సంతకం పెట్టి పంపాలి. ఆసుపత్రి డ్యూటీలు, రైలు ప్రయాణాలు, వంట, మధ్యలో ఇండియా నుంచి ఫోను – వీటన్నిటి తరువాత ఆదివారం రాత్రి కూర్చుని వారం సంతకాలూ ఒకేసారి పెట్టేసే ఇళ్ళు మనలో తక్కువేమీ లేవు. అనుమానం రాకుండా పెన్నులు మార్చి పెట్టేవారు కూడా ఉన్నారని విన్నాము. పేర్లు చెప్పబోము.

సంతకం సంగతి ఎలా ఉన్నా, మనవాళ్ళు ఎక్కువగా పట్టించుకునేది రంగుల సంగతి. స్కూళ్ళలో చదువుకునే పుస్తకాలను కష్టాన్నిబట్టి రంగులుగా విడదీస్తారు. గులాబి, ఎరుపు, పసుపు, నీలం... అలా మెట్లెక్కి గోల్డు, వైటు, లైము దాకా పోతాయి. ఉగాదికీ దీపావళికీ నలుగురం కలిస్తే, పులిహోర పళ్ళెం చేతిలో ఉండగానే మొదలవుతుంది: "మీ వాడు ఏ కలర్‌లో ఉన్నాడండీ?" అని. పక్కింటి పిల్ల తమ పిల్లకంటే రెండు రంగులు ముందుందని తెలిస్తే ఆ తల్లికి ఆ పూట భోజనం రుచించదు. టీచరు దగ్గరకు వెళ్ళి, పిల్లను పై రంగుకు మార్చమని అడిగినవారూ ఉన్నారు. పిల్లకు ఆ పుస్తకంలోని కుక్క తప్పిపోయిందా దొరికిందా అన్నదే ముఖ్యం. రంగు మనకు ముఖ్యం.

దీనికి తోడు 2012 నుంచి ఇయర్ 1 పిల్లలకు ఫోనిక్స్ పరీక్ష ఒకటి వచ్చింది. 40 మాటలు చదివిస్తారు. అందులో 20 ఏ అర్థమూ లేని మాటలు. అక్షరాలను కూడబలుక్కుని చదవగలుగుతున్నాడా, చూసి గుర్తుపెట్టుకున్న మాటనే అప్పజెబుతున్నాడా అని తేల్చడానికి. తెలుగులో గుణింతాలూ ఒత్తులూ వచ్చాయంటే, అర్థం తెలియకపోయినా ఏ మాటనైనా పైకి చదవవచ్చు. ఇంగ్లీషులో ఆ సుఖం లేదు. టఫ్, దో, త్రూ – మూడింటిలోనూ వచ్చే ఆ నాలుగక్షరాలే మూడు చోట్లా మూడు రకాలుగా పలుకుతాయి. అందుచేత స్కూళ్ళు పడే అవస్థను మేము తప్పుపట్టము. కాని చదవడం వచ్చింది గనుక చదువుతాడులే అని మనం నిశ్చింతగా ఉండిపోవడం దగ్గరే చిక్కంతా ఉంది.

నేషనల్ లిటరసీ ట్రస్టు అనే సంస్థ ఏటా ఈ దేశపు పిల్లలను అడిగి లెక్కలు ప్రకటిస్తుంది. 2025 లెక్క ప్రకారం 8 నుంచి 18 ఏళ్ళ పిల్లల్లో ఖాళీ సమయంలో చదవడం ఇష్టమన్నవారు 32.7 శాతం. రోజూ ఏదో ఒకటి చదువుతామన్నవారు 18.7 శాతం. అంటే అయిదుగురిలో ఒకరు కూడా లేరు. ఇరవై ఏళ్ళలో ఇంత తక్కువ ఎన్నడూ లేదట. ప్రభుత్వం 2026ను జాతీయ పఠన సంవత్సరంగా ప్రకటించడానికి కారణం ఇదే.

మన ఇళ్ళలో ఈ జారుడు ఎప్పుడు మొదలవుతుందో సభ్యులకు చెప్పనక్కరలేదు. ఎనిమిదో ఏడు, తొమ్మిదో ఏడు. పిల్ల 'ఫ్రీ రీడర్' అయింది, ఇక పక్కన కూర్చోనక్కరలేదు. సరిగ్గా అప్పుడే ఇలెవెన్ ప్లస్ ట్యూషన్లు మొదలవుతాయి. కథల పుస్తకం ఉన్నచోటికి వొకాబులరీ జాబితా వచ్చి కూర్చుంటుంది. ఆ పరీక్ష రాయించవద్దని మేము అనము. మాలోనూ రాయించినవారున్నారు. కాని జాబితాలో కంఠస్థం చేసిన మాట పరీక్ష మర్నాటికి ఉండదు. కథలో పదిసార్లు ఎదురైన మాటను ఎక్కడ వాడాలో కూడా పిల్లకు తెలిసిపోతుంది. పరీక్ష కోసమైనా సరే, రోజుకు పావుగంట కథ చదవనివ్వండి.

ఏం చదవాలన్నది పిల్లకే వదిలిపెట్టండి. దీనిమీద మాకు గట్టి అభిప్రాయమే ఉంది. 'డాగ్ మ్యాన్' బొమ్మల పుస్తకమో, 'వింపీ కిడ్డో' తెచ్చుకుంటే "ఇదీ ఒక పుస్తకమేనా?" అని ముఖం చిట్లిస్తాం. చందమామ చేతికి రాగానే ముందు బొమ్మలు తిరగేసినదెవరు? షాడో నవలలు లెక్కల పుస్తకం మధ్యలో దాచుకుని చదివినదెవరు? అలా చదివినవాళ్ళమే ఈవేళ డాక్టర్లం, ఇంజనీర్లం అయి కూర్చున్నాం. ఇంకొకటి: పుస్తకం మూయగానే "ఇందులో నీతి ఏమిటి?" అని అడగకండి. "తరువాత ఏమైంది?" అని అడిగి చూడండి. మొదటి ప్రశ్నకు పిల్లలు నేలచూపులు చూస్తారు. రెండోదానికి ఆపకుండా చెబుతారు.

పుస్తకాలు కొనాలంటే ఖర్చు కదా అనేవారికి పబ్లిక్ లైబ్రరీ ఉంది. 1964 చట్టం ప్రకారం లైబ్రరీలు నడపడం స్థానిక కౌన్సిళ్ళ బాధ్యత. కొన్నిచోట్ల వేళలు తగ్గించారన్నది నిజమే. ఉన్న వేళల్లో మనం వెళ్ళడం లేదన్నదీ నిజమే. పిల్లల పుస్తకాలు ఆలస్యమైతే చాలాచోట్ల జరిమానా కూడా తీసేశారు. 1999 నుంచి వేసవి సెలవుల్లో సమ్మర్ రీడింగ్ ఛాలెంజ్ జరుగుతోంది. పిల్లలు తమకిష్టమైన ఆరు పుస్తకాలు చదవాలన్నదే దాని మామూలు నియమం. పైసా ఖర్చులేదు. ఏటా మార్చిలో స్కూలు నుంచి వచ్చే వరల్డ్ బుక్ డే టోకెన్ కూడా ఒక పౌను విలువైనదే, బ్యాగు అడుగున నలిగిపోనివ్వకండి. చదవడం కష్టపడే పిల్లలకు బారింగ్టన్ స్టోక్ వారు చిన్న చిన్న కథలు, అక్షరాలు తేలికగా కంటికి ఆనేలా అచ్చువేస్తారు. లైబ్రేరియన్‌ను అడిగితే చూపిస్తారు. మన పిల్లలకు తమలాంటి పేర్లున్న పుస్తకాలు కావాలంటే అవీ ఉన్నాయి. జస్బిందర్ బిలాన్ రాసిన 'ఆషా అండ్ ద స్పిరిట్ బర్డ్' హిమాలయాల దిగువ పల్లెలో మొదలయ్యే కథ. 2019లో కోస్టా వారి పిల్లల పుస్తక బహుమతి దానికే వచ్చింది.

1935లో గుంటూరు జిల్లాలో కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామాల మధ్య కాలువమీద పాతూరి నాగభూషణం గారు పడవలో గ్రంథాలయం నడిపించారు. ఊరు లైబ్రరీ దగ్గరకు రాలేకపోతే లైబ్రరీయే ఊరి దగ్గరకు వెళ్ళింది. మనకు కారుంది. పార్కింగు దొరకదని మానేస్తున్నాం.

ఇక తెలుగు. ఇంగ్లీషు చదవడం వచ్చాక పిల్లకు మనం చదివి వినిపించడం మానేస్తాం. ఇంట్లో పిల్ల తెలుగులో జవాబు చెప్పడం కూడా ఇంచుమించు అప్పుడే తగ్గుతుంది. మనం రోజూ పది నిమిషాలు తెలుగు కథ పైకి చదివితే, పిల్లకు అక్షరాలు రాకపోయినా చెవికి భాష అందుతుంది. చందమామ ఆగిపోయి దశాబ్దం దాటింది. అయినా కథలకు కొరత లేదు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. అచ్చుతీసుకుని కుట్టుకోవడానికి అనుమతి కూడా ఉంది. చదివే ఓపిక మనకు లేకపోతే అమ్మమ్మకు అప్పగించండి. రాత్రి పడుకునే వేళ మాత్రం వద్దు, అక్కడ అర్ధరాత్రి దాటుతుంది. ఇక్కడ శనివారం ఉదయం 9 గంటలంటే అక్కడ వేసవిలో 1:30, చలికాలంలో 2:30. భోజనాలై అమ్మమ్మ తీరికగా ఉంటుంది. వీడియోలో ఒక పేజీ ఆవిడ చదివితే, బొమ్మలో ఏముందో పిల్ల చెబుతుంది.

వచ్చే నెల సమావేశంలో పిల్లల పుస్తకాల మార్పిడికి ఒక బల్ల వేస్తున్నాము. ఇంట్లో చదివేసిన పుస్తకాలు, తెలుగువైనా ఇంగ్లీషువైనా, లోపలి అట్టమీద పెన్సిలుతో పేరు రాసి తీసుకురండి. ఎన్ని తెస్తే అన్ని పట్టుకుపోవచ్చు. ఎంపిక పిల్లలదే. తల్లిదండ్రులకు టీ పక్కగదిలో.