పెట్రా గుహవాసులు: యాత్రాపాత్రికేయత భాషపై ఒక పరిశీలన

ప్రాచీన కట్టడాలను గురించిన యాత్రావ్యాసాల్లో అక్కడి నివాసులు తరచుగా కనిపించరు. కనిపిస్తే, శిథిలాలతో పాటు చూడదగిన వింతగా కనిపిస్తారు. జోర్డాన్‌లోని పెట్రా ఈ రెండు ధోరణులకూ ఉదాహరణ.

నబాతియన్లు ఇసుకరాతి కొండలను తొలిచి నిర్మించిన ఈ నగరాన్ని 1812లో స్విట్జర్లాండ్ యాత్రికుడు యోహాన్ లుడ్విగ్ బర్క్‌హార్ట్ ‘కనుగొన్నాడు’ అని యాత్రాగ్రంథాలు చెబుతాయి. ఆయన షేక్ ఇబ్రహీం అన్న మారుపేరుతో, హారూన్ ప్రవక్త సమాధి వద్ద మేకను బలి ఇస్తానన్న నెపంతో, ఒక స్థానిక మార్గదర్శి వెంట ఆ లోయలో ప్రవేశించాడు. దారి తెలిసినవాడి పేరు మాత్రం ప్రసిద్ధికి రాలేదు. 1839లో పెట్రాకు వెళ్లిన చిత్రకారుడు డేవిడ్ రాబర్ట్స్ బొమ్మల్లో అరబ్బులున్నారు గాని, స్తంభాల ఎత్తును తెలియజేసే కొలబద్దల్లా తోస్తారు. ఇక 1845లో తన కవితతో పెట్రాను ఆంగ్ల పాఠకలోకంలో ప్రసిద్ధం చేసిన జాన్ విలియం బర్గన్ అప్పటికి ఆ నగరాన్ని చూడనే లేదు!

ఆ గుహల్లో, సమాధి మందిరాల్లో మేకలను మేపుకుంటూ జీవించినవారు బెదూల్ తెగకు చెందిన బెదూయిన్లు. 1985లో యునెస్కో పెట్రాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ఏడాదే బెదూల్ కుటుంబాలను సమీపంలో కట్టిన ఉమ్ సైహూన్ గ్రామానికి తరలించారు. ఇరవై ఏళ్ల తరువాత, 2005లో, పెట్రా, వాదీ రమ్ ప్రాంతాల బెదూయిన్ల సాంస్కృతిక ఆవరణను అదే యునెస్కో మానవాళి మౌఖిక, అభౌతిక వారసత్వంలో ఉత్కృష్టమైనదిగా ప్రకటించింది. ఒంటెల పెంపకం, గుడారాల తయారీ, జాడ పట్టే నేర్పు, కొండలెక్కే నైపుణ్యం, సంప్రదాయ వైద్యం ఆ గుర్తింపులో భాగాలు. ఇవన్నీ నేలతో ముడిపడిన విద్యలు. ఊరు మారితే వాటి అవసరమే తగ్గుతుంది.

ఈ చరిత్రను కప్పిపుచ్చే పదం ఒకటుంది: ‘ఇప్పటికీ’. ‘ఇప్పటికీ గుహల్లోనే బతుకుతున్నారు’ అన్న వాక్యం పాఠకుడిని ఆకట్టుకుంటుంది. కొందరు గుహలను పూర్తిగా విడువలేదన్నది నిజమే. కాని అత్యధికులు గ్రామంలోని ఇళ్లలో ఉంటూ, పగలు పెట్రాలో గాడిదలు నడుపుతూ, జ్ఞాపికలు అమ్ముతూ జీవిస్తున్నారు. తరలింపును ప్రస్తావించని ‘ఇప్పటికీ’ వారిని కాలం లేని మనుషులుగా మారుస్తుంది. దీనికి భిన్నంగా, 1978లో యాత్రికురాలిగా వెళ్లి బెదూల్ యువకుణ్ణి వివాహమాడిన న్యూజిలాండ్ మహిళ మార్గరీట్ వాన్ గెల్డర్‌మాల్సన్ 2006లో ప్రచురించిన స్వీయకథనంలో గుహజీవితానికి ఇంటిపనులున్నాయి, ఇరుగుపొరుగున్నారు, గ్రామానికి తరలివెళ్లిన సంవత్సరమూ ఉంది.

తెలుగు యాత్రాసాహిత్య పరిశోధకులకు ఈ చర్చ దూరమైనది కాదు. హంపీలో విరూపాక్షాలయం ఎదుటి బజారు వీధిలో, రాతి మంటపాల్లో కాపురముండి వ్యాపారం చేసుకున్న కుటుంబాలను 2011లో ఖాళీ చేయించారు. హంపీని గురించిన ఏ వ్యాసాన్నైనా పరిశీలించేటప్పుడు అది ఆ సంవత్సరానికి ముందుదా, తరువాతిదా అన్నది మొదట చూడాలి. తరువాతిదైతే, ఆ మంటపాల నిర్మానుష్యతను రచయిత తళ్లికోట యుద్ధానికి ఆపాదించాడా, నిన్నమొన్నటి ప్రభుత్వ చర్యకు ఆపాదించాడా అన్నది గమనించాలి.