ఇసుక జావ అయితే?

ఏటి ఒడ్డున తడి ఇసుకలో నిలబడి పాదాలతో తొక్కి చూశారా? కాసేపటికి నీరు పైకి ఊరుతుంది. గట్టిగా ఉన్న ఇసుక మెత్తబడి కాలు దిగిపోతుంది. భూకంపంలోనూ ఇదే జరుగుతుంది.

1964 జూన్ 16న జపాన్ దేశంలోని నీగాటా పట్టణంలో భూమి కంపించింది. నాలుగంతస్తుల ఇళ్లు కొన్ని పక్కకు ఒరిగాయి. ఒకటి దాదాపు పడుకుంది. చిత్రమేమిటంటే గోడలు పెద్దగా విరగలేదు! తప్పు ఇంటిది కాదు, కింది ఇసుకది. 2001 జనవరి 26న గుజరాత్‌లో భూకంపం వచ్చినప్పుడు కచ్ ప్రాంతంలోనూ నేలలోంచి నీరూ ఇసుకా ఎగజిమ్మాయి.

ఎందుకిలా? కుంచంలో వడ్లు పోసి కుదపండి. గింజలు సర్దుకుని దిగుతాయి. ఇసుక రేణువులూ అంతే. కాని వాటి సందుల్లో నీరుంది. అది వెంటనే బయటికి పోలేదు. దాని ఒత్తిడి పెరిగి రేణువుల పట్టు విడిపోతుంది. ఇసుక జావ అవుతుంది.

ఏ నేల ఎంత ఓర్చుకుంటుందో ముందే తెలిసేదెలా? పాత పద్ధతిలో ముఖ్యంగా అన్నిటికన్నా పెద్ద కుదుపును చూస్తారు. శక్తి పద్ధతి వేరు. రోట్లో దంచేటప్పుడు ఒక్క పోటుతో పని కాదు గదా! ప్రతి పోటూ లెక్కే. అలాగే ప్రతి కుదుపూ నేలలో ఖర్చు చేసే శక్తిని కూడుతారు. తడి ఇసుకను గొట్టంలో నింపి కుదిపి, ఎంత శక్తికి జావ అయిందో కొలుస్తారు. రాబోయే భూకంపం తెచ్చే శక్తి అంతకు మించితే ఆ నేల ప్రమాదమే.

అయితే దారి లేకపోలేదు. నీగాటాలోనే, ఇసుకను ముందుగా కుదిపి గట్టిపరచిన చోట కట్టిన చమురు ట్యాంకులు పెద్దగా దెబ్బతినలేదు.