మూలుగకు క్యాన్సర్ పాకితే... రక్తం ఏం చెబుతుంది?

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో మొదలైంది. ఆ కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి, రిసాలి వంటి బస్తీల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో తొలి తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు పెరిగే వయసు ఇదే. ఈ క్యాన్సర్‌తో పాటు రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లు కూడా ఎముకల్లోకి, వాటి లోపలి మూలుగలోకి పాకుతుంటాయి.

మూలుగ కూడా కర్మాగారమే. పెద్దవారిలో అది రోజుకు సుమారు 20,000 కోట్ల ఎర్రకణాలను తయారుచేస్తుంది. కణం పూర్తిగా తయారయ్యాకే రక్తంలోకి వదులుతుంది. క్యాన్సర్ కణాలు చొరబడి చోటు ఆక్రమిస్తే ఈ కట్టుబాటు చెదురుతుంది. కేంద్రకం ఇంకా పోని ఎర్రకణాలు, ఎదగని తెల్లకణాలు బయటికి వచ్చేస్తాయి. కొన్ని ఎర్రకణాలు కన్నీటి చుక్కలా సాగిపోతాయి. గాజు పలకపై పూసిన రక్తపు చుక్కను సూక్ష్మదర్శినితో పరిశీలించే స్మియర్ పరీక్షలో ఇవన్నీ కనిపిస్తాయి. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. సీబీసీలో హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు తగ్గడం మరో సూచన.

రక్తంలోని రసాయనాలూ కొంత చెబుతాయి. 1930లలో అమెరికా వైద్యుడు అలెగ్జాండర్ గట్‌మన్ బృందం, ఎముకలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్‌లో యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పెరుగుతుందని గుర్తించింది. ఇప్పుడు ఆ స్థానం పీఎస్‌ఏ పరీక్షది. ఎముకలో మార్పులు జరుగుతుంటే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, కణాలు ఎక్కువగా నశిస్తుంటే ఎల్‌డీహెచ్ పెరుగుతాయి.

అయితే వీటిలో ఏ ఒక్కటీ తీర్పు కాదు. కాలేయ జబ్బుల్లోనూ, విరిగిన ఎముక అతుక్కునేటప్పుడూ, ఎదిగే పిల్లల్లోనూ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువగా ఉంటుంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లోనూ ఎదగని కణాలు రక్తంలోకి రావచ్చు. మరోవైపు, క్యాన్సర్ మూలుగలో అక్కడక్కడే ఉంటే రక్త పరీక్షలన్నీ మామూలుగానే రావచ్చు. అందుకే నిర్ధారణకు తుంటి ఎముక నుంచి మూలుగ ముక్క తీసి పరీక్షించడం, అంటే బయాప్సీ, ఇప్పటికీ కీలకం. ఎముకల్లో ఎక్కడెక్కడ ఉందో స్కాన్లు చూపుతాయి.

క్యాన్సర్‌కు చికిత్స పొందినవారికి తగ్గని నడుం నొప్పి, కారణం తెలియని రక్తహీనత కనిపిస్తే వయసు ప్రభావమని సరిపెట్టుకోకూడదు. పాత రిపోర్టులన్నీ వరుసగా డాక్టర్‌కు చూపించాలి. ఒక్కసారి వచ్చిన అంకె కంటే, కొన్ని నెలలుగా అది ఎటు కదులుతోందన్నదే ఎక్కువ చెబుతుంది.