పదాల జాబితా, అక్షరాల లెక్క: ఏపీఎల్ భాషలో తెలుగు పాఠానికి తొలి మెట్లు

కీలక పదాలు: ఏపీఎల్, స్ట్రింగ్, యూనికోడ్, అక్షర విభజన, ప్రాస, ద్విపద.

1. ఉపోద్ఘాతం

పద్యకావ్యాల్లో పదాలను, ప్రాసస్థానాలను కంప్యూటరుతో లెక్కించి సిద్ధాంత గ్రంథాల్లో పట్టికలుగా చూపడం తెలుగు శాఖల్లోనూ మొదలైంది. ఆ లెక్కలో తప్పు దొర్లితే యంత్రం ఏ హెచ్చరికా చేయదు. ఏదో ఒక అంకె ఇచ్చి ఊరుకుంటుంది. ఆ అంకె మీద కవి శైలిని గురించిన నిర్ణయం నిలబడుతుంది. అందువల్ల యంత్రం 'అక్షరం' అని దేనిని లెక్కిస్తున్నదో సాహిత్య పరిశోధకుడు ముందుగా తెలుసుకోవాలి. పాల్కురికి సోమనాథుని, బమ్మెర పోతనను తనవారిగా చెప్పుకొనే ఓరుగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయం, నిట్ రెండూ ఉన్నాయి. ఒకచోట పాఠం, ఒకచోట పరికరం. రెండింటినీ కలిపే పనికి అరే భాషలు అనుకూలమైనవి. ఒక్కొక్క పదానికీ ఆదేశం రాసే పని లేకుండా, మొత్తం జాబితాను ఒకే వస్తువుగా చూడడం వాటి స్వభావం.

కెన్నెత్ ఐవర్సన్ 1962లో ప్రచురించిన గ్రంథంలోని సంకేతలిపి నుంచి ఏపీఎల్ పుట్టింది. ఆ కృషికి ఆయన 1979లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నాడు. ఆదేశాలు ఆంగ్ల పదాలుగా కాక చిహ్నాలుగా ఉండడం తెలుగు విద్యార్థికి ఒక విధంగా మేలే. నేటి డయలాగ్ ఏపీఎల్ వాణిజ్యేతర వినియోగానికి ఉచితం.

2. జాబితా, దాని లోపలి పెట్టెలు

ఉల్లేఖన చిహ్నాల మధ్య రాసినది స్ట్రింగ్. స్ట్రింగులను పక్కపక్కన రాస్తే జాబితా. నలుగురు కాకతీయ పాలకుల పేర్లతో ఒక ఉదాహరణ:

≢¨'బేతరాజు' 'ప్రోల' 'గణపతి' 'రుద్రమ'

ఇక్కడ ≢ అంటే 'ఎన్ని'. ¨ అంటే 'ప్రతిదానికీ'. ¨ లేకపోతే జవాబు 4, అంటే పేర్ల సంఖ్య. అది ఉంటే ఒక్కొక్క పేరులోకి దిగి లెక్కిస్తుంది. తొలినాటి ఏపీఎల్‌లో ఇలా పొడవు వేరైన పదాలను ఒకే జాబితాలో ఉంచే వీలు లేదు. చిన్న పదాల చివర ఖాళీలు నింపి చతురస్రపు పట్టికగా మార్చుకొనేవారు. ఒక్కొక్క స్ట్రింగునూ పెట్టెలో మూసినట్లు ఒక అంశంగా ఉంచే పద్ధతి తరువాత వచ్చింది.

ఈ పెట్టె భావన పట్టుబడకపోతే కలిగే పొరపాటు ఒకటి ప్రతి కొత్తవారికీ ఎదురవుతుంది. 'రుద్రమ' జాబితాలో ఉన్నదా అని ∊ చిహ్నంతో ఇలా అడిగారనుకొందాం:

'రుద్రమ'∊'బేతరాజు' 'ప్రోల' 'గణపతి' 'రుద్రమ'

జవాబు 0 0 0 0 0 0. పేరు ఎదురుగానే ఉన్నా ఆరు సున్నలు! యంత్రం పేరును విడగొట్టి, ఒక్కొక్క ముక్క జాబితాలో ఉన్నదా అని ఆరుసార్లు వెదికింది. పేరును ముందు పెట్టెలో పెట్టి, అంటే (⊂'రుద్రమ') అని రాసి అడిగితే జవాబు 1.

క్రమబద్ధీకరణలో ⍋ చిహ్నం సర్దిన జాబితాను ఇవ్వదు, స్థానాలను ఇస్తుంది. పై పేర్లకు 3 2 1 4 వస్తుంది: గణపతి, ప్రోల, బేతరాజు, రుద్రమ. అవే స్థానాలతో పద్యసంఖ్యల జాబితానూ సర్దుకోవచ్చు కనుక ఇది లోపం కాదు, సౌకర్యం. అయితే ఈ వరుస యూనికోడ్ పట్టిక ననుసరించినది. వర్ణమాలలో 'హ' తరువాత చదివే 'ళ' అక్కడ 'ల' పక్కన, 'వ'కు ముందు ఉంటుంది.

3. ఆరు ముక్కలు, మూడక్షరాలు

ఇక మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబు: 7 5 5 6. ప్రోల, గణపతి రెండూ అయిదేనట. ఛందస్సు చదివిన వారెవరైనా ప్రోల రెండక్షరాలనీ, గణపతి నాలుగనీ చెబుతారు. యంత్రం లెక్కించినవి అక్షరాలు కావు, యూనికోడ్ స్థానాలు. 'ప్రో' లో ప, విరామ చిహ్నం (పొల్లు), ర, ఓత్వం అనే నాలుగు స్థానాలున్నాయి. ⌽ చిహ్నంతో 'రుద్రమ'ను తిరగవేస్తే 'మద్రరు' రాదు, 'మర్దుర' వస్తుంది. చూపుకు తెలుగు పదంలాగే కనిపించడమే ఇందులోని ప్రమాదం.

పరిహారం సులభం. కొత్త అక్షరం మొదలయ్యే చోట 1, మిగిలిన చోట 0 ఉంచి విభజించాలి:

1 0 1 0 0 1⊂'రుద్రమ'

ఫలితం రు, ద్ర, మ. దీనిని ≢ మూడని లెక్కిస్తుంది. ⌽ మ, ద్ర, రు అని తిరగవేస్తుంది. ఒకట్లు సున్నలు చేతితో రాయనక్కరలేదు. తెలుగు విభాగం దశాంశ సంఖ్యల్లో 3072 నుంచి 3199 వరకు ఉంటుంది. అందులో అరసున్న, పూర్ణానుస్వారం, విసర్గలు 3073 నుంచి 3075 వరకు. గుణింతపు గుర్తులు ప్రధానంగా 3134 నుంచి 3148 వరకు. విరామ చిహ్నం 3149. ఈ గుర్తులకు 0, విరామం వెంటనే వచ్చే హల్లుకు 0, తక్కినవాటికి 1. పొల్లుకూ తరువాతి హల్లుకూ మధ్య టైపు చేసేవారు ఉంచే కనిపించని విభాజకాన్ని (8204) కూడా గుర్తుల్లో చేర్చాలి. మరొక చిక్కు: 'ఐ'త్వాన్ని ఒకే స్థానంగానూ, ఎత్వం మీద 3158 చేర్చి రెండుగానూ నమోదు చేయవచ్చు. రెండూ తెరమీద ఒకటే, పోలికలో వేరు. పాఠాన్ని మొదట ఏకరూపం చేయకపోతే పదసూచికలో ఒకే మాట రెండుచోట్ల చేరుతుంది. పదాంతంలోని పొల్లు ఈ విభజనలో విడి అక్షరంగా మిగులుతుంది. గురులఘు నిర్ణయంలో దానిని ముందరి అక్షరానికి చేర్చుకోవాలి.

4. ప్రాస పరీక్ష

విభజించిన జాబితాపై 2⊃¨ అంటే ప్రతి పాదం నుంచీ రెండవ అక్షరం వస్తుంది. రుద్రమ, భద్రుడు, ముద్రలు, నిద్రలో అనేవి నాలుగు పాదాల ఆరంభాలనుకొంటే ద్ర, ద్రు, ద్ర, ద్ర లభిస్తాయి. గుణింతపు గుర్తులను తొలగించి, విరామాన్ని ఉంచితే నాలుగూ ఒకటే. తొందరపడి మొదటి హల్లును మాత్రమే పోలిస్తే 'వాదము' కూడా వీటితో ప్రాస కలిసినట్లు తేలుతుంది. ద్రకారానికి దకారం ప్రాస కాదు.

ఇంకొక సూక్ష్మం యంత్రానికి బొత్తిగా అందదు. 'చంద్రుడు'లోని సున్న విభజనలో మొదటి అక్షరంతో పోతుంది. రెండవ అక్షరం 'ద్రు'గా మిగిలి 'రుద్రమ'తో సరిపోతుంది. కాని బిందుపూర్వకమైన హల్లు ప్రాసస్థానంలో ఉంటే అన్ని పాదాల్లోనూ అలాగే ఉండాలి. కాబట్టి మొదటి అక్షరం చివర సున్న ఉన్నదా అనే 0, 1ల జాబితాను వేరుగా తయారుచేసి, అన్నీ ఒకటేనా అని చూడాలి. ఈ నియమాన్ని ప్రోగ్రామరు ఊహించలేడు. తెలుగు అధ్యాపకుడే చెప్పాలి.

సోమనాథుని బసవపురాణం వంటి ద్విపద కావ్యానికి ఈ పని మరింత సూటిగా నడుస్తుంది. పంక్తుల జాబితాను రెండు నిలువు వరుసల పట్టికగా మడిచి ప్రతి జంటలో ప్రాసాక్షరాలను పోల్చవచ్చు. ఎక్కడో ఒక జంట తప్పితే అది కవి స్వాతంత్ర్యమో, ముద్రణదోషమో ప్రతులు చూసి నిర్ణయించుకోవాలి. ఒక చోటి నుంచి వరుసగా జంటలన్నీ తప్పుతుంటే మాత్రం కవిని అనుమానించనక్కరలేదు. అక్కడ ఒక పంక్తి జారిపోయింది, లేదా ప్రకరణ శీర్షిక పంక్తుల్లో కలిసిపోయింది. దానిని సరిచేసి పరీక్షను మళ్లీ మొదటినుంచి నడపాలి.