కవ్వం వెనక్కి ఎందుకు తిరుగుతుంది?

ఎనిమిదో తరగతిలో ఘర్షణ పాఠం చెబుతుంటే చివరి బెంచీ నుంచి ఒక ప్రశ్న వచ్చింది. "సార్, మా నాయనమ్మ కవ్వం ఇటూ తిరిగిద్ది, అటూ తిరిగిద్ది. మా అమ్మ మిక్సీ ఒకవైపే తిరిగిద్ది. రెండిట్లోనూ వెన్న వచ్చిద్ది. మరి కవ్వం వెనక్కి తిరగడం దేనికి?"

తాడును రెండు చేతులతో మార్చి మార్చి లాగుతాం కనక అలా తిరుగుతుందని చెప్పేసి పాఠంలోకి వెళ్లిపోవచ్చు. అందులో అబద్ధం లేదు. కానీ కుమ్మరి సారె, రాట్నం ఒకవైపే తిరిగేవే. వాటిని చేసిన ఊళ్లో ఒకవైపే తిరిగే కవ్వం చెయ్యడం ఎవరికీ చేతకాక ఆగిపోయిందంటే నేను నమ్మను. వెనక్కి తిరగడంలో ఏదో లాభం ఉండాలి. అదేమిటో తెలియాలంటే ముందు వెన్న ఎలా పుడుతుందో చూడాలి.

పాలలో కొవ్వు చిన్న చిన్న బిందువులుగా ఉంటుంది. సగటున ఒక్కొక్కటి మూడు నాలుగు మైక్రాన్లు. ఇరవై బిందువులు వరసగా పేరిస్తే ఒక తలవెంట్రుక మందం. ఒక మిల్లీలీటరు పాలలో ఇలాంటివి సుమారు వెయ్యి కోట్లు. ప్రతి బిందువు చుట్టూ మాంసకృత్తులు, ఫాస్ఫోలిపిడ్లతో అల్లిన పలచటి పొర ఉంటుంది. ఆ పొర ఉన్నంతసేపూ బిందువులు పక్కపక్కనే ఈదినా కలిసిపోవు. పాలు పాలుగా ఉండటానికి కారణం అదే.

చిలకడమంటే ఆ పొరను చించడం. ఇక్కడ ఒక చమత్కారం ఉంది. బిందువులోని కొవ్వు పూర్తిగా ద్రవమూ కాదు, పూర్తిగా ఘనమూ కాదు. కొంత భాగం సన్నటి స్ఫటికాలుగా గడ్డకట్టి ఉంటుంది, మిగతాది నూనెలా ఉంటుంది. రెండు బిందువులు గట్టిగా ఢీకొన్నప్పుడు ఒకదాని స్ఫటికం ముల్లులా పొరను పొడుచుకుని రెండోదానిలో దిగుతుంది. ఆ సందులోకి ద్రవ కొవ్వు జారి రెండింటినీ అతికిస్తుంది. లోపల స్ఫటికాల చట్రం ఉంది కనక అవి కలిసి ఒకే గుండ్రటి బిందువు కాలేవు, అతుక్కుని గుత్తిలా మిగులుతాయి. చిలికేటప్పుడు లేచే నురగ కూడా ఇందులో చెయ్యి వేస్తుంది: గాలిబుడగల మీదికి బిందువులు చేరతాయి, బుడగ పగిలినప్పుడు దాని మీదున్నవన్నీ ఒకచోటికి వచ్చి పడతాయి. గుత్తి పెరిగి రవ్వ అవుతుంది, రవ్వలు చేరి ముద్ద అవుతాయి. అంతదాకా నీటిలో కొవ్వు తేలుతుండేది, ఇప్పుడు కొవ్వు మధ్యలో నీటి చుక్కలు చిక్కుకున్నాయి. అందుకే బజారులో అమ్మే వెన్నలో 16 శాతం దాకా నీరు ఉండొచ్చని నిబంధనలే ఒప్పుకుంటాయి. కొవ్వు మాత్రం 80 శాతానికి తగ్గకూడదు.

ముల్లూ కావాలి, జిగురూ కావాలి. మరీ చల్లగా ఉంటే అంతా ముల్లే, అతికించే ద్రవం ఉండదు. వేడెక్కితే అంతా జిగురే, పొడిచే ముల్లు ఉండదు, వెన్న పూసకట్టదు. ఆవు మీగడ చిలకడానికి 10 నుంచి 15 డిగ్రీలు మంచిదంటారు. తెల్లవారుజామునే చల్ల చిలకడం, ఎండాకాలంలో చన్నీళ్లు, చలికాలంలో గోరువెచ్చని నీళ్లు పొయ్యడం ఈ లెక్క కుదర్చడానికే. థర్మామీటరు లేని ఇంట్లో చెయ్యి పెట్టి చూసి కుదిర్చిన లెక్క అది.

ఇప్పుడు కవ్వం దగ్గరికి వద్దాం. బిందువులు ఢీకొనాలంటే ద్రవంలో పక్కపక్క పొరల మధ్య వేగంలో తేడా ఉండాలి. నున్నటి గుండ్రటి కుండలో ఒక పుల్లను ఒకేవైపు తిప్పుతూ పోతే ఏమవుతుంది? కాసేపటికి చల్ల కూడా పుల్లతోపాటే తిరగడం మొదలుపెడుతుంది. తిరునాళ్లలో రథం వెనక జనమంతా ఒకేవైపు నడుస్తుంటే ఎవరికీ ఎవరూ తగలరు, సగంమంది వెనక్కి తిరిగితే చూడాలి ఆ తోపులాట. కుండలోనూ అంతే. ద్రవం మొత్తం గిర్రున తిరుగుతుంది, మధ్యలో సుడి పడుతుంది, అంచుల వెంట పైకి పాకి నేలపాలవుతుంది. చెయ్యి నొప్పి పుడుతుంది కానీ బిందువులకు దెబ్బ తగలదు.

కవ్వం వెనక్కి తిరిగిన క్షణంలో చల్ల ఇంకా పాత దిక్కుకే పోతూ ఉంటుంది. రెక్కలు దానికి ఎదురెళతాయి. రెండు వేగాలూ కూడతాయి. ద్రవం ఎంతో కొంత కొత్త దిక్కుకు అలవాటు పడేలోపు కవ్వం మళ్లీ మళ్లుతుంది. సుడి పుట్టేలోపే దాన్ని చంపెయ్యడం ఈ యంత్రం రహస్యం. ఆ కుర్రాడి ప్రశ్నకు సగం జవాబు ఇది. మిగతా సగం మిక్సీది, దాని దగ్గరికి తరవాత వస్తాను. మధ్యలో తాడును వదిలి వెళ్లడం నావల్ల కాదు.

కాడ మందం 3 సెంటీమీటర్లు, కింద రెక్కల వెడల్పు 12 సెంటీమీటర్లు అనుకోండి. చెయ్యి ఒక్క సెకనులో తాడును 60 సెంటీమీటర్లు లాగింది. కాడ ఆరుసార్లకు పైగా తిరుగుతుంది. రెక్క అంచు అదే సెకనులో 2.4 మీటర్లు పరుగెత్తుతుంది. చేతి వేగానికి నాలుగు రెట్లు. పళ్లచక్రం లేదు, బెల్టు లేదు, ఇరుసు లేదు. సన్నటి కాడకు వెడల్పాటి తల తొడగడమే గేరు. లాగే బలం ఆ మేరకు ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, ప్రకృతి దగ్గర ఉచితం ఏమీ ఉండదు కదా. కానీ ఒక చేత్తో లాగేటప్పుడు రెండో చెయ్యి విశ్రాంతి తీసుకుంటుంది, అందువల్ల మనిషి అలసట కొంత తగ్గుతుంది.

తాడు జారకుండా పట్టుకోవడం ఇంకా అందమైన విషయం. తాడును కాడకు ముడి వెయ్యరు, ఊరికే రెండు మూడు చుట్లు తిప్పుతారు. ఒక కొసను గట్టిగా లాగితే రెండో కొస దాదాపు వదులుగా ఉన్నా జారదు. ఎందుకో గణితంలో పెట్టినవాడు 18వ శతాబ్దపు లియొనార్డ్ ఆయిలర్. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, ఒక చుట్టుకు రెండు కొసల బిగువులో ఆరున్నర రెట్ల తేడా ఉన్నా తాడు నిలబడుతుంది. రెండో చుట్టుకు 43 రెట్లు. మూడో చుట్టుకు 285. చుట్టు పెరిగినకొద్దీ కూడిక కాదు, హెచ్చవేత జరుగుతుంది. ఓడరేవులో గుంజకు రెండు చుట్లు తిప్పిన మోకుతో ఒక్క మనిషి పడవను ఆపేదీ ఈ సూత్రంతోనే. అయితే అదే పనిగా చుట్లు పెంచితే తాడు తన మీదికి తానే ఎక్కి చిక్కుపడుతుంది. తాడు చల్లలో తడిస్తే, వెన్న అంటితే గుణకమే పడిపోతుంది. అందుకే తాడు చుట్టే చోటు కుండ మూతికి ఎంతో పైన ఉంటుంది.

లాగినప్పుడల్లా కవ్వం మనవైపు వాలిపోవాలి. దాన్ని నిటారుగా ఆపేది వెనక ఉన్న గుంజ. తాడు చుట్టిన చోటికి పైన ఒక ఉచ్చు, కింద ఒక ఉచ్చు. వదులుగా తిరగనిస్తాయి, పక్కకు పోనివ్వవు. ఇంజనీర్లు వీటిని బేరింగులంటారు. క్షీరసాగర మథనం కథను ఈ కళ్లతో చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కవ్వం మందరగిరి, తాడు వాసుకి, రెండువైపులా లాగేవాళ్లు వేరువేరు పార్టీలు. కొండ మునిగిపోయింది, ఎందుకంటే అడుగున ఆధారం లేదు. కూర్మావతారం అడుగు బేరింగు! ఇంట్లో కవ్వానికి బరువు తక్కువ, పక్క లాగుడే ఎక్కువ కనక తాబేలుతో పని లేకుండా గుంజతో సరిపెట్టుకున్నాం.

మనకు ఇంత వేగం ఎందుకు కావాల్సి వచ్చిందన్నది వేరే ప్రశ్న. చలిదేశాల్లో పాలను పళ్లెంలో పోసి ఒక రాత్రి వదిలేస్తే మీగడ పైకి తేలేది. దాన్ని తీసి చిలికేవాళ్లు. మన వేడికి మీగడ తేలేలోపు పాలు విరుగుతాయి. కాచితే ఇంకో చిక్కు: ఆవుపాలలో బిందువులను గుంపుగా చేర్చి తేల్చే మాంసకృత్తు ఆ వేడికి పాడవుతుంది. గేదెపాలలో గుంపు కట్టించే ఆ గుణం మొదటినుంచీ బలహీనమే. కాబట్టి మొత్తం పాలను తోడుపెట్టి మొత్తం పెరుగునూ చిలికాం. మీగడలో 35 శాతం కొవ్వు ఉంటే గేదె పెరుగులో ఏడు. కొవ్వు ఐదో వంతుకు పలచబడితే ఒక్కో బిందువుకు జోడీ దొరికే అవకాశం ఐదో వంతు. కుండలో జరిగే ఢీకొట్లు ఇరవై అయిదో వంతు. ఆ లోటును వేగంతో పూడ్చుకోవాలి. గేదె బిందువులు కాస్త పెద్దవి కావడం, దాని కొవ్వు కొంచెం ఎక్కువ వేడిలోనూ గట్టిగా నిలవడం మన అదృష్టం.

ఐరోపా, అమెరికా వాళ్ల దగ్గర మీగడ ఉంది కాబట్టి తొందర లేదు. వాళ్ల పాతకాలపు యంత్రం పైకి సన్నబడే ఎత్తయిన కుండ లేదా చెక్క పీపా, మూతలో చిల్లు, ఆ చిల్లులోంచి కర్ర, కర్ర అడుగున చిల్లుల బిళ్ల. పైకీ కిందికీ పోట్లు వెయ్యాలి. సుడి సమస్యే లేదు. కానీ చెయ్యి ఎంత వేగంగా కదిలితే బిళ్లా అంతే, మన కవ్వంలోని నాలుగు రెట్ల లాభం లేదు. ఆ లోటు కొంత తీర్చేవి చిల్లులు. బిళ్ల అడ్డుపడిన మీగడ ఇరుకు సందుల్లోంచి ధారలుగా దూసుకురావాలి.

దీనికి పోటీగా వచ్చింది దొర్లే పీపా. లోపల తిరిగేది ఏమీ లేదు, పీపానే తిప్పుతారు. సగం దాకా పోసిన మీగడ పైకెక్కి ధబ్బున పడుతుంది. ఇక్కడ వేగానికి ఒక హద్దు ఉంది. మరీ వేగంగా తిప్పితే మీగడ గోడకు అతుక్కుని పీపాతోపాటే తిరుగుతుంది, కిందపడదు. అర మీటరు వ్యాసార్థం ఉన్న పీపాకు ఆ హద్దు నిమిషానికి 42 చుట్లు. మీటరు వ్యాసార్థమైతే 30. పీపా పెద్దదయినకొద్దీ నెమ్మదిగా తిప్పాలన్నమాట. తిప్పేవాళ్లకు ఈ లెక్క చెవిలో ఉండేది: ధబ్ ధబ్ శబ్దం ఆగిందంటే వేగం ఎక్కువైంది. మూతలో చిన్న గాజుబిళ్ల ఉండేది. మీగడతో తెల్లగా కప్పబడిన గాజు ఒక్కసారిగా తేటపడితే వెన్న వచ్చినట్టు.

ఒకటి రెండు నిమిషాల్లో వెన్న తీస్తామని 19వ శతాబ్దంలో ప్రకటనలు గుప్పించినవాళ్లు ఉన్నారు. వెన్న వస్తుంది. కానీ మరీ తొందరగా చిలికితే మజ్జిగలో ఎక్కువ కొవ్వు మిగిలిపోతుంది, వెన్న మెత్తగా జిడ్డుగా ఉంటుంది. నా ఓటు ఆ ఆత్రగాళ్లకు కాదు, అమెరికాలో సెయింట్ లూయీ నగరపు డేజీ కంపెనీ గాజు చిలుకుడు జాడీకి. మూత మీద చేతిపిడి, పెద్ద పళ్లచక్రం చిన్నదాన్ని తిప్పితే లోపల చెక్క రెక్కలు ఒకేవైపు గిరగిరా తిరుగుతాయి. మరి సుడి? జాడీని చదరంగా చేశారు! తిరిగే మీగడ ప్రతి మూల దగ్గరా తట్టుకుని వెనక్కి మళ్లుతుంది. కవ్వం చేసిన పనిని గోడ చేసింది.

తరవాతి కథ త్వరగా చెప్పొచ్చు. 1878లో స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ డి లావాల్ మీగడ తీసే యంత్రం తెచ్చాడు. చిలకడానికి శత్రువైన సుడి అక్కడ ప్రాణమిత్రం: పాలు గిన్నెతో కలిసి నిమిషానికి వేల చుట్లు తిరిగితే బరువైన నీళ్లపాలు బయటికి, తేలికైన మీగడ మధ్యకు చేరతాయి. గ్రామాల్లో చిలికే పని డెయిరీలకు తరలింది. చెక్క పీపాలు పోయి స్టెయిన్‌లెస్ స్టీలు పీపాలు వచ్చాయి. 1940 ప్రాంతంలో జర్మనీలో వచ్చిన ఫ్రిట్జ్ పద్ధతిలో మీగడ ఒకవైపు ఆగకుండా పోతుంటే ఇరుకు గొట్టంలోని రెక్కల దెబ్బకు కొన్ని సెకన్లలో వెన్నరవ్వలై రెండోవైపు వస్తుంది. పెద్ద డెయిరీలు నేడు వాడేది ఆ వంశం యంత్రాలనే.

ఇక మిక్సీ. ఈసారి జారు కడిగేటప్పుడు లోపలి గోడను వేలితో తడిమి చూడండి. చాలా జార్లలో పైనుంచి కిందికి గట్లు తగులుతాయి. డేజీ జాడీ మూలలు చేసిన పనే వీటిదీ. ఒకవైపే తిరిగే మిక్సీలో వెన్న రావడానికి సగం పుణ్యం ఆ గట్లదే. మిక్సీ రొద ఎక్కువ, వేడీ ఎక్కువ, అందుకే ఐసుముక్కలు వేసి ఆపి ఆపి తిప్పాలి.

ఇప్పుడు బజారులో దొరికే కరెంటు కవ్వాలు చాలావరకు ఒకవైపే తిరుగుతాయి, గిన్నెలేమో నున్నగా గుండ్రంగా ఉంటాయి. అలాంటిది కొన్నవాళ్లకు ఒక మాట: కవ్వాన్ని గిన్నె నట్టనడుమ పెట్టకండి, కాస్త పక్కకు జరిపి పెట్టండి. సుడి కుదురుకోదు, చల్ల అంచు దాటి పొర్లదు, వెన్న ముందే పడుతుంది.